గాలి ఆరబెట్టిన చెమట

సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కాను. అప్పటిదాకా వ్యాయామానికి పరుగెత్తానేమో, బనియను తడిసి ముద్దయింది. నాతోపాటే ఎక్కి, సైకిల్‌ను తలుపు దగ్గర ఆనించి పక్కన కూర్చున్న హెల్మెట్ మనిషి ముక్కు మూసుకున్నాడు.

“ఏందన్నా గీ కంపు? జెర దూరం జరుగు. నేను సుత పొద్దుగాల్నుంచి జోరుగనే తొక్కిన. గుండె నీ లెక్కనే కొట్టుకుంటది, తొడలు మండుతయ్. గానీ నా బరువు సీటు మోస్తది. నీకైతే అడుగడుగుకూ మోకాళ్లకే దెబ్బ. నా ఒంటి మీద ఒక్క చుక్క చెమట చూపియ్!”

సిగ్గుతో ముడుచుకుపోయాను.

సికింద్రాబాద్ ఇంకా రాకముందే సిగ్నల్ దొరక్క రైలు ఆగింది. కిటికీ గాలీ ఆగింది. సైకిల్ మీద గాలి ఎప్పటికప్పుడు ఆరబెట్టిన చెమట ఇప్పుడు ఆయన ఒంటి నిండా ఊరింది. మోచేతి నుంచి నా తొడ మీద టపటపా రాలింది. పుల్లటి వాసన. అడగనైనా అడగకుండా నా భుజం మీది తువ్వాలు లాగి, మొహం, మెడ, చంకలు తుడుచుకుని, మళ్లీ నా భుజం మీదే వేశాడు.

“షుక్రియా అన్నా.”

దిగగానే తువ్వాలును చెత్తబుట్టలో పడేశాను.

అయినా ఇప్పటికీ పరుగు నుంచి వచ్చేటప్పుడు, సీట్లన్నీ ఖాళీగా ఉన్నా, నేను తలుపు దగ్గరే నిలబడతాను.