విశ్రాంతి తీసుకున్న కొమురయ్య

1949 చలికాలం. సూర్యాపేట దవాఖానలో కంపౌండరుగా ఉన్నాను. డాక్టరుగారు రాసిన మందు ఇవ్వడం, జాగ్రత్తలు చెప్పడం నా పని. జాగ్రత్తలంటే నాకు మహా ఇష్టం. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

ఆ వారం ఇద్దరు ఉబ్బసం రోగులు వచ్చారు. ఒకరు వకీలుగారు. ఇంకొకడు చివ్వెంల వైపు నుంచి వచ్చిన గొర్ల కాపరి కొమురయ్య, నలభై ఏళ్ళుంటాయి. ఇద్దరికీ ఎఫిడ్రిన్ మాత్రలే ఇచ్చాం. బిగుసుకున్న ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు అది. నా పాఠం కూడా ఇద్దరికీ ఒకటే: చలిలో తిరగవద్దు, నెల రోజులు తలుపేసుకుని ఇంటిపట్టునే ఉండాలి.

వకీలుగారు పదిహేను రోజుల్లో తేరుకున్నారు. కొమురయ్య మాత్రం మూడుసార్లు తిరిగొచ్చాడు, ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి.

"నా మాట ఇంటున్నవా లేదా?" అని కసిరాను.

"ఇంటున్న సారూ. గడప దాటలే," అన్నాడు రొప్పుతూ.

నేను నమ్మలేదు. కలరా సూదులు వేయడానికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, అబద్ధం పట్టుకుందామనే అతనింటికి వెళ్ళాను. భార్య ఐలవ్వ తలుపు తీసింది. లోపల ఉన్ని నూగు పొగలా లేచి ఉంది. గొంగడి నేసేముందు ముద్దకట్టిన ఉన్నిని వింటితో కొట్టి విడదీయాలి. కొమురయ్య ఆ పనిలో ఉన్నాడు. కాసేపటికే నాకూ దగ్గు వచ్చింది.

"ఇంట్ల ఉండమంటే గిదేంది?" అన్నాను.

"గొర్ల ఎంట పోవద్దంటిరి. తమ్ముడు పోతుండు. వాని ఉన్ని పని నేను జేస్తున్న."

"కూసొని జేసే పనే గద సారూ," అంది ఐలవ్వ. "ఊకె పండుకుంటె ఇల్లెట్ల గడుస్తది? గొర్ల ఎంట తిరిగినన్నాళ్ళు గింత ఆయాసం లేకుండె."

నాకు చచ్చేంత సిగ్గేసింది. విశ్రాంతి అంటే వకీలుగారికి పడక కుర్చీ. కొమురయ్యకు కూర్చుని చేసే పని. ప్రాణం మీదికి వస్తున్నా అతను నా మాట జవదాటలేదు.

డాక్టరుగారికి చెబితే, ఉన్ని జోలికి పోకుండా మళ్ళీ గొర్ల వెంట వెళ్ళమన్నారు. అన్నదమ్ములు పనులు మార్చుకున్నారు. తమ్ముడు ఉన్ని కొట్టడం ఇంటి బయట పెట్టుకున్నాడు. ఎండలు ముదిరేసరికి కొమురయ్యకు ఊపిరి కుదుటపడింది. గొర్లకు ఉన్ని కత్తిరించే రోజుల్లో మాత్రం కొంచెం ఆయాసం వచ్చేది.

అలాంటి రోజుల్లోనే ఒకసారి వచ్చి, "ఇగ ఏం జెయ్యమంటరు సారూ? మీరెట్ల జెప్తె అట్ల," అన్నాడు.

ఆ మాటకు నాకు భయమేసింది. బల్ల మీద కూర్చోబెట్టి, "ముందు నువ్వు జెప్పు," అన్నాను.