గులాం రసూల్ రాసిన రీడింగులు

కొల్లూరు కాలనీలో మా బ్లాకు కింద, లిఫ్టు పక్కన, పొద్దున తొమ్మిదయ్యేసరికి ఒక చాప పడేది. చాప మీద గులాం రసూల్, ఆయన ముందు నాలుగైదు కుక్కర్లు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు బాయిలర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కాలనీ ఆడవాళ్లు ఆవిరి కారుతోందనో, విజిల్ రావడం లేదనో తెచ్చిపెడితే సరిచేసి ఇచ్చేవాడు. "ఆడ పెద్ద కుక్కర్ సూస్కున్న, ఈడ చిన్న బాయిలర్లు సూస్కుంటున్న. పని అదే సార్" అనేవాడు నాతో. చాయ్‌లో చక్కెర వద్దని ప్రతి ఇంటికీ చెప్పేవాడు. వేసి తెస్తే మాత్రం కాదనేవాడు కాదు.

ఆయనకు అరవై ఏడేళ్లు. పదకొండేళ్లుగా షుగర్. రెండేళ్ల నుంచి ఇన్సులిన్, పొద్దున ఇరవై యూనిట్లు, రాత్రి పన్నెండు.

కిందటేడు ఆగస్టులో ఒక ఉదయం మా కుక్కర్ పట్టుకుని కిందికి వెళ్లాను. ఆయన విజిల్ ఊడదీసి, రంధ్రంలోకి సూది పోనిచ్చి నాకు చూపించాడు.

"పప్పు పొంగి అడ్డం పడ్డది సార్. అమ్మగారికి చెప్పుండ్రి, సగం మీద నింపొద్దని. బాయిలర్ల గూడ గంతే, నీళ్లు ఎక్కువైతే..."

అక్కడ మాట ముద్దయిపోయింది. ఏదో అంటున్నాడు, నాకు ఒక్క అక్షరం అందడం లేదు. చేతిలోని విజిల్ జారి చాప మీద పడింది. తీయబోతే కుడిచేతి వేళ్లు దాని చుట్టూ ముడుచుకోలేదు. నోటి కుడి మూల కిందికి వాలింది. నేను ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు అయిందేమో, వేళ్లు కదిలాయి. మాట తిరిగి వచ్చింది. వచ్చీరాగానే ఆయన అన్నది ఇదీ:

"చెయ్యి తిమ్మిరెక్కింది సార్. ఆలంబీకి చెప్పకుండ్రి. పరేషాన్ అయితది."

ఆలంబీ ఆయన భార్య. సరేనన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. పుస్తకాలూ పత్రికలూ చదవడం తప్ప వేరే వ్యాపకం లేనివాణ్ణి. అలాంటి పది నిమిషాలు పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే కబురు కావచ్చని చదివి కూడా ఉన్నాను. అయినా మాట ఇచ్చానన్న వంకతో రెండు రోజులు నోరు మూసుకున్నాను. మనం చదివింది అవసరానికి పనికి రాకపోవడానికి కారణం మరుపు కాదు, మొహమాటం.

మూడో రోజు పొద్దున్నే వాళ్ల తలుపు తట్టి ఆలంబీకి అంతా చెప్పాను. ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"రెండ్రోజులు కడుపుల దాచుకున్నరా సార్? ఆయనంటే మొండోడు. మీరు సదువుకున్నోళ్లు గదా!"

ఇంకో అరగంటలో మమ్మల్నిద్దర్నీ ముందు నడిపించుకుని కాలనీ దవాఖానకు తీసుకెళ్లింది. చిన్నపిల్లలు దొంగతనం చేసి దొరికితే ఎలా నడుస్తారో అలా నడిచాం.

డాక్టర్ హరిచందనకు రసూల్ భాయి అంటే గౌరవం. ఆయన షుగర్ పుస్తకం అంటే ఇంకా గౌరవం. రోజూ పొద్దున వేలు గుచ్చుకుని మిషన్‌లో చూసిన నంబరు, తారీకు, టైము, స్కేలుతో కొట్టిన గీతల మధ్య రాసి ఉండేవి. నూట ఇరవై ఆరు, నూట ముప్పై ఒకటి, నూట పంతొమ్మిది. "ఇలా రాయాలండీ" అని వేరేవాళ్లకు ఆ పుస్తకం చూపించేది కూడా. ఆ రోజు ఆమె జరిగిందంతా విని, బీపీ చూసి, చేతులు ఎత్తించి, నవ్వించి చూసింది. తరువాత పుస్తకం తెరిచింది.

"ఆ రోజు పొద్దున నూట ఇరవై రెండు. సూది వేసుకున్నాక టిఫిన్ ఆలస్యమైందా రసూల్ గారూ?"

"జెర లేటయింది మేడం."

"మెదడుకు రక్తం అందక జరిగిందేమో స్కాన్‌లో చూద్దాం. కానీ షుగర్ మరీ పడిపోయినా చెయ్యీ మాటా ఇలాగే జారతాయి. మీ నంబర్లు చూస్తే నాకు ఆ భయం కూడా ఉంది. ముందు ఇన్సులిన్ తగ్గిద్దాం" అని చీటీ మీద రాయబోయింది.

రసూల్ భాయి ఆమె పెన్ను వైపే చూస్తున్నాడు. మొహాన చెమట పట్టింది. మళ్లీ వస్తోందేమోనని నేను లేచాను.

"ఆపుండ్రి మేడం" అన్నాడు. "ఆ బుక్కు సూసి ఇలాజ్ చెయ్యకుండ్రి. ఆ నంబర్లు నేనేసినయి."

"మీరే కదా వేయాలి?"

"మిషన్ సూపిచ్చినయి కావు. ఆ దినం రెండు వందల డెబ్బై ఆరు ఉండె."

ఆమె పెన్ను మూత పెట్టింది. "మరి నూట ఇరవై రెండు ఎక్కడిది?"

"అది లిమిట్ల ఉండే నంబరు మేడం."

తరువాత ఆయన చెప్పింది నేను నా మాటల్లో చెబుతాను. బాయిలర్ దగ్గర ఒక షీటు ఉంటుంది. గంట గంటకూ ప్రెషరు, నీటి మట్టం అందులో రాయాలి. నంబరు హద్దు దాటితే ఇన్‌స్పెక్టర్ ఎర్ర సున్నా చుడతాడు, ఆపరేటర్‌కు మెమో వస్తుంది. అందుకని ప్రెషరు కాస్త అటూ ఇటూ అయితే వాల్వు తిప్పి సరిచేసి, షీటులో మాత్రం మంచి నంబరే వేస్తారు. కొత్తవాళ్లకు ఈయనే నేర్పాడట, అన్ని గంటలకూ ఒకే అంకె వేయొద్దు, ఒకటి రెండు తేడా పెట్టాలని. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోలేదు. పనితనం అనుకున్నారు. అక్కడ కాగితం ఏం చెప్పినా చెయ్యి వెళ్లి వాల్వు తిప్పేది. ఇక్కడ వాల్వు తిప్పవలసింది డాక్టరు, ఆమెకు కనిపించేది కాగితం ఒక్కటే. ఆ సంగతి ఆమె పెన్ను తీసి డోసు తగ్గించబోయే దాకా ఆయన తలకెక్కలేదు.

"ఎక్కువ రాస్తే డోసు పెంచుతరని భయం మేడం. మా అబ్బాకు పెంచుకుంట పోయిన్రు. పెంచుకుంట పోయిన్రు, ఆయన పోయిండు."

ఆలంబీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే అంది: "ముప్పై ఏండ్లు ఇన్‌స్పెక్టర్‌ను నమ్మిచ్చిన్రు. ఇగ మేడంను గూడనా? రేపు మీ నోరు పడిపోతే నన్నెవరు తిడ్తరు?"

డాక్టర్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. అప్పటికప్పుడు వేలు గుచ్చి చూసింది. రెండు వందల ఎనభై ఎనిమిది. ఈ డోసుకు ఇంత ఎందుకుండాలని తనలో తాను గొణుక్కుని, ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి చొక్కా ఎత్తమంది. బొడ్డుకు ఎడమ పక్క వేళ్లతో నొక్కి చూసింది. అక్కడ చర్మం కింద నిమ్మకాయంత గడ్డ.

"రోజూ ఇక్కడేనా సూది?"

"ఆణ్నే మేడం. ఆడ నొప్పి తెల్వదు."

"ఒకే చోట గుచ్చీ గుచ్చీ గట్టిపడింది. అందుకే నొప్పి లేదు. మందు కూడా సరిగ్గా ఒంటికి పట్టడం లేదు. నిజం నంబరు ఒక్కటి చూపించి ఉంటే నేను ఏడాది కిందే మీ పొట్ట చూసేదాన్ని." గొంతు తగ్గించింది. "డోసు పెరగడం ఆఖరి మెట్టు కాదు రసూల్ గారూ. నిజానికి ఈ రోజు తగ్గించే ఇస్తున్నాను. కొత్త చోట వేస్తే మందు బాగా పట్టేస్తుంది, షుగర్ ఒక్కసారి పడిపోకూడదు కదా. రోజుకో చోట మార్చండి, నిజం రాయండి, వారంలో మళ్లీ చూస్తాను."

స్కాన్ మాత్రం ఆ రోజే కావాలంది. ఏళ్ల తరబడి ఎక్కువ షుగరూ బీపీ కలిస్తే రక్తనాళాల లోపలి గోడలు పాడవుతాయనీ, మొన్న వచ్చి పోయినది మెదడులో ఎక్కడో రక్తం కాసేపు ఆగడం కావచ్చనీ చెప్పింది. "అసలు ఆ గంటలోనే రావలసింది. ఇంకోసారి చెయ్యి గానీ మాట గానీ జారితే, వెంటనే తగ్గిపోయినా సరే, నూట ఎనిమిదికి ఫోన్ చేయాలి" అంటూ నా వైపు కూడా చూసింది. చూడవలసిందే.

కొడుకు ఇమ్తియాజ్ తను పనిచేసే ముత్తంగి గోడౌన్ నుంచి పరుగున వచ్చాడు. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆలంబీ తస్బీ పూసలు తిప్పుతూనే ఉంది. రసూల్ భాయి మధ్య మధ్య కుడిచేతి పిడికిలి మూసి తెరిచి చూసుకునేవాడు. మెడలోని ఒక రక్తనాళం కాస్త సన్నబడిందన్నారు. మెదడుకు పెద్ద నష్టం ఏమీ లేదన్నారు. రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కు ఒకటి, బీపీకి ఒకటి రాసిచ్చారు. బయటికి వచ్చి ఆటో ఎక్కుతూ ఆయన అన్న మొదటి మాట, "ఆకలైతుంది ఆలంబీ."

ఆ తరువాతి పేజీలు నాకు చూపించేవాడు. వాటిలో స్కేలు గీతలు లేవు. రెండు వందల అరవై. రెండు వందల పది. నూట డెబ్బై ఎనిమిది. మళ్లీ రెండు వందల నలభై, పక్కన "ఇల్మా పుట్టినరోజు, బిర్యానీ, కేకు". ఇల్మా ఆయన మనవరాలు. ఒక రోజు అరవై నాలుగు, "చెమటలు, గ్లూకోజ్ నీళ్లు తాగిన". అది చూసి డాక్టర్ రాత్రి డోసు ఇంకో రెండు యూనిట్లు తగ్గించింది. సాయంత్రాలు భార్యాభర్తలు రింగు రోడ్డు పక్క దారిలో నడవడం మొదలుపెట్టారు. ఆమె ముందు, ఆయన నాలుగడుగులు వెనక. చాయ్‌లో చక్కెర వేసి తెచ్చినవాళ్లకు గ్లాసు తిరిగి ఇచ్చేస్తున్నాడు, కొంచెం బాధగానే.

నవంబరులో మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేశారు. ఆగస్టులో పది పాయింట్ తొమ్మిది ఉన్నది ఏడు పాయింట్ ఎనిమిదికి దిగింది.

"ఇది మిషనే రాసిందా మేడం, ఎవలన్న ఏసిన్రా?" అని అడిగాడు. ఈసారి ఆమె గట్టిగా నవ్వింది.

బయటికి వస్తుంటే వరసలో మూడో బ్లాకు శివరామకృష్ణ కూర్చుని ఉన్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఆయనకూ ఇన్సులినే. ఒళ్లో కొత్త పుస్తకం. రసూల్ భాయి అడగకుండానే దాన్ని తీసుకుని రెండు పేజీలు తిప్పాడు.

"అన్నా, మస్తు సాఫ్ రాసినవ్. అన్నీ ఒక్క పెన్నుతోనే, ఒక్కటే దినం రాసినట్టున్నవ్?"

శివరామకృష్ణ అటూ ఇటూ చూసి, "మెల్లగ భాయ్, మేడం ఇంటది" అన్నాడు.

రసూల్ భాయి ఆయన పక్కన కూర్చుని, కొత్త పేజీ తెరిచి, నా జేబులోని పెన్ను తీసుకున్నాడు.

"మిషన్ తెచ్చినవా? తియ్యి. దాంట్ల పాతయి గూడ ఉంటయి. సదువు, నేను రాస్త. నిన్న ఎంత?"

"... రెండు వందల తొంభై."

కుడిచేత్తో, కాస్త వంకరగా, రాశాడు. "మొన్న?"