మూత కింద చుక్క

మిషన్ల మెకానిక్ మెడకు పట్టీ పడింది. ఊళ్లోవాళ్ల కుట్టుమిషన్ల మీద వంగి వంగి కాదు, డాబా మీది దుర్భిణి మీద వంగి.

ఆకాశంలోని దూరపు వెలుగుల్ని ఫొటో తీయడం ఆయన పిచ్చి. అంత మసక వెలుగు ఫొటోలో పడాలంటే కెమెరా చాలాసేపు తెరుచుకునే ఉండాలి. ఆలోగా భూమి తిరుగుతుంది, చుక్క జరుగుతుంది. దుర్భిణిని చుక్కతోపాటు తిప్పే మోటారు ఉంది కానీ, దాని పళ్లచక్రాలు అక్కడక్కడా తడబడతాయి. తడబడితే ఫొటోలో చుక్క గీత అవుతుంది. అందుకే పక్కన బిగించిన చిన్న దుర్భిణిలోంచి ఒక చుక్కనే చూస్తూ, అది పక్కకు జారినప్పుడల్లా మీట నొక్కి వెనక్కి తెస్తూ ఉండాలి. పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ కాపలా జుట్టు నెరిసేదాకా సాగింది. కింద బట్టలు కుట్టే భార్య ఒక్కతే భోంచేసి, ఆయన కంచం బోర్లించి పెట్టేది.

ఇక మెడ వంచొద్దని డాక్టరు చెప్పాడు. భార్య ఇంకా గట్టిగా చెప్పింది.

"మళ్లీ ఆ గొట్టానికి కన్ను ఆనించారో, అమ్మేస్తాను. తర్వాత మీ ఇష్టం."

ఆమె తమ్ముడు కెమెరాలు బాగుచేస్తాడు. బావ అవస్థ చూసి, వేలెడంత కెమెరా తెచ్చి చిన్న దుర్భిణికి తగిలించాడు. తెర మీద ఒక చుక్కను ఎంచి ఇస్తే చాలు, అది జరిగినప్పుడల్లా మోటారును తనే సర్దుతుంది.

"మనిషి లేకుండా అదెలా కాస్తుందిరా?"

"నీలాగే కాస్తుంది బావా. మధ్యలో దగ్గదు, టీ అడగదు. అంతే తేడా."

మోటారును ఎటు ఎంత కదపాలో దానికి ఆ సాయంత్రమే నేర్పి, తమ్ముడు వెళ్లిపోయాడు. మర్నాడు రాత్రి మెకానిక్ ఒక్కడే చుక్కను ఎంచుకున్నాడు. పాత అలవాటు కొద్దీ, తెర మీద అన్నిటికంటే చిన్నగా, సూదిమొనలా ఉన్నదాన్ని ఎంచాడు. చుక్క ఎంత జరిగిందో చూపే గీత తిన్నగా, గుడ్డ మీద సుద్దగీతలా సాగింది. ఆయన పొంగిపోయి కిందికి దిగి, భార్య పక్కన కూర్చుని భోంచేశాడు.

తెల్లారి చూస్తే ఫొటోలో ఒక్క చుక్క లేదు. అన్నీ గీతలే.

"ఒరేయ్, నీ యంత్రం కాపలా కాయలేదు, కునుకు తీసింది," అని బావమరిదికి ఫోన్లో తలంటాడు.

"ఇంకొక్కసారి చూడండి. మళ్లీ గీతలే వస్తే కొనేవాణ్ని నేనే వెతుకుతా," అంది భార్య, కత్తెర ఆపకుండానే.

మధ్యాహ్నం షాపులో బేరాలు లేవు. అసలు కెమెరా పనిచేస్తోందా అని బల్ల మీద పెట్టి, మూత కూడా తీయకుండా ల్యాప్‌టాప్‌కు కలిపాడు. తెర నల్లగా ఉండాలి. ఉంది, ఒక్క చోట తప్ప. అక్కడ సూదిమొనలాంటి చుక్క వెలుగుతోంది. తను ఎంచుకున్నది సరిగ్గా అదే, అక్కడే. కెమెరా లోపల వెలుగును పట్టే పలకలో ఏదో ఒక గడి చెడి, చీకట్లోనూ వెలుగుతోంది. అది ఎక్కడికీ జరగదు కనక, మోటారును సర్దాల్సిన పనే పడలేదు. రాత్రంతా కెమెరా తన ఒంటి మీది మచ్చకే కాపలా కాసింది.

"ఒరేయ్, తప్పు నాదేరా. మచ్చను ఎంచాను."

"పట్టపగలు మూత కింద చుక్కలు చూసినవాడివి నువ్వే బావా!" తమ్ముడు ఫోన్లోనే పగలబడి నవ్వాడు. "ఆ మచ్చను లెక్కలోకి తీసుకోకుండా చేసే ఏర్పాటుంది, చెప్తా. ఈసారి కాస్త మసగ్గా, అటూ ఇటూ ఊగేదాన్ని పట్టుకో. గాలి ఊరుకోదు కదా, నిజం చుక్క కాస్తయినా వణుకుతుంది."

ఆ సాయంత్రం అలాంటిదాన్నే ఎంచాడు. తెర మీది గీత కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్ల చేతిలోలా వంకరటింకరగా సాగింది. ఆయన చెయ్యి మీట వైపు వెళ్లింది, మెడ వంగబోయింది. మెట్ల మీంచి భార్య కేక వినిపించింది.

"వస్తున్నారా, కంచం బోర్లించెయ్యనా?"

చెయ్యి వెనక్కి తీసుకుని దిగాడు.

"ఎలా ఉంది?"

"వణుకుతోంది."

"అయితే పాడైనట్టేనా?"

"కాదు. బాగున్నట్టే."

ఫొటోలో చుక్కలు గుండ్రంగా వచ్చాయి. ఆమె కళ్లజోడు పెట్టుకుని, కుట్టు సరిచూసినట్టు అంచు నుంచి అంచుకు చూసింది. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. మెడపట్టీ మాత్రం తీయనివ్వలేదు.