వాసన మానేసిన బాక్టీరియా

మేడమ్ పోయారని డిపార్ట్‌మెంట్ పంపిన ఈమెయిల్‌లో చదివాను. ఆ కిందే రెండో వాక్యం: ఆవిడ ల్యాబ్ ఫ్రీజర్‌ని నెలాఖరుకి ఖాళీ చేయాలట. ఒళ్ళు మండింది నాకు.

ఆవిడ నా పీహెచ్‌డీ గైడ్. ఇక్కడ అమెరికాలో, మా అరోరా ఊళ్ళో మీలో ఎవరైనా ఆవిడని భోజనానికి పిలిచి ఉంటే గుర్తుండే ఉంటుంది. చెయ్యి కడుక్కోగానే స్పూనూ జిప్‌లాక్ కవరూ పట్టుకుని పెరట్లోకి నడిచేవారు. తాంబూలం బదులు మట్టి పట్టుకెళ్తుందని ఆంటీలు నవ్వుకునేవారు. అలా ఒకరి టమాటా మొక్కల కింద దొరికిందే మా బాక్టీరియా.

కర్పూరం, నిమ్మతొక్క లాంటి వాటికి ఆ వాసన ఇచ్చే టెర్పీన్లను మొక్కలు ఐదేసి కార్బన్ల ముక్కలు అతికి తయారు చేస్తాయి. మాది ఆ లెక్క మీద ఒక కార్బన్ అదనంగా తగిలించేది. "దీనికి కొసరు వెయ్యడం అలవాటమ్మా" అని మురిసిపోయేవారు మేడమ్.

ఆ వాసన పదార్థం పూర్తి రూపం తేల్చేలోపే బాక్టీరియా దాన్ని తయారు చేయడం మానేసింది. మట్టిలో అర్ధాకలితో బతికే ప్రాణి. ల్యాబ్‌లో ప్లేటు నుంచి ప్లేటుకి మారుస్తూ కడుపునిండా పెట్టారు. ఏపుగా పెరిగింది, పని మరిచిపోయింది.

"గారాబం చేసి పాడు చేశాం. ఫ్రీజర్‌లో మొదటి స్టాక్ ఒక్క ట్యూబే మిగిలింది, ఇప్పుడే టచ్ చేయకు. నా ట్రీట్‌మెంట్ అయిపోనీ, కలిసి ఓపెన్ చేద్దాం" అన్నారు. ఆవిడ మళ్ళీ ల్యాబ్‌కి రాలేదు.

ఒక్కదాన్నే ఆ ట్యూబ్ తీయాలంటే భయం వేసింది. అందులోనూ ఆ గుణం పోయి ఉంటే ఇక వెతకడానికి చోటు లేదు, ఆ పెరట్లో ఇప్పుడు కాంక్రీటు పోశారు. తీయకపోతే చెత్తలోకే. చివరికి గడ్డ కరగకుండా పైపైన గీకి, ఓట్స్ జావతో చేసిన ప్లేటు మీద రాశాను.

కొన్నాళ్ళకి ప్లేటు మీద తెల్లటి పొడిలా బాక్టీరియా పెరిగింది. మూత తీసి వాసన చూశాను. తడి మట్టి వాసన, దాని వెనక ఇంకేదో. నేను చేరేనాటికే అసలు వాసన పోయింది కనుక పోల్చుకోలేకపోయాను. మెషిన్‌లో పరీక్షకి వచ్చే వారం గాని వంతు రాదు. ఆశకొద్దీ నా ముక్కే అబద్ధం చెబుతోందేమోనని దిగులు.

అప్పుడే మేడమ్ సామాను తీసుకెళ్ళడానికి వాళ్ళాయన వచ్చారు. ఆయనకి సైన్సు పట్టదు. అయినా ప్లేటు ముందు పెట్టాను.

"ఒకసారి స్మెల్ చేస్తారా అంకుల్?"

వంగి వాసన చూశారు.

"మీ మేడమ్ స్వెటర్ వాసన ఇది. మొదట్లో రోజూ ఇంటికి మోసుకొచ్చేది. తర్వాత ఆ వాసన పోయింది. డిటర్జెంట్ మార్చిందేమో అనుకున్నా."

గాలి తగిలితే ప్లేటు పాడవుతుంది, వెంటనే మూత పెట్టాలి. మూత నా చేతిలోనే ఉంది. ఆయన ఇంకా తల ఎత్తలేదు.