ఒంటి ముద్ద

మాబీని మొండిది అంటే ఒప్పుకుంటాను. పిచ్చిది అంటే మాత్రం కుట్టుమిషన్ ఆపి మరీ జగడానికి దిగుతాను. రాయచోటిలో ఆమె గిన్నెల అంగడి, నా కుట్టు అంగడి పక్కపక్కనే. మధ్యలో ఒక్కటే గోడ. ఆమె గిన్నెల మీద పేర్లు కొట్టే టకటక వినిపిస్తుంటేనే నాకు పని సాగుతుంది.

అంగడి ఆమె భర్త అక్బర్ పెట్టింది. వాళ్లకు పిల్లల్లేరు. రాగిసంగటి కెలికేటప్పుడు కట్టెతోపాటు గిన్నె కూడా తిరుగుతుంది, ఎవరో ఒకరు గుడ్డతో గట్టిగా పట్టుకోవాలి. ఆ ఇంట్లో కెలకడం మాబీ పని, పట్టుకోవడం అక్బర్ పని. ఆయన పోయాక ఒకరోజు గిన్నె బోర్లాపడి ఆమె చెయ్యి కాలింది. మందు రాసింది నేనే.

"పట్టుకునే మనిషి లేడు గదక్కా" అంది.

చెయ్యి మానేలోపే ఆమెకు ఆలోచన తట్టింది. మందపాటి చిన్న గిన్నె, అడుగున గ్యాస్ పొయ్యి కమ్ములను పట్టుకునే కొక్కేలు. మొదట చేయించినవి ఊగాయి, తర్వాతివి మాడ్చాయి. చివరికి కుదిరింది. ఎంత కెలికినా కదలదు, ఒక మనిషికి ఒక ముద్ద వస్తుంది. సంబరం పట్టలేక అన్నిటి మీదా తన చేత్తోనే ‘ఒంటి ముద్ద’ అని పేరు కొట్టింది. ఉన్న డబ్బంతా వాటి మీదే పెట్టింది, అవి అమ్ముడుపోకపోతే అంగడి మూసి, వేంపల్లెలో తమ్ముడి ఇంట్లో ఓ మూల సర్దుకోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ముద్ద దిగేది కాదు.

జనం వచ్చారు, తిప్పి చూశారు, మెచ్చుకున్నారు, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లారు. మెచ్చుకోవడానికి మా ఊరివాళ్లు ఎప్పుడూ వెనకాడరు.

ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన సంతోషమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె గిన్నెను సంచిలో కూడా పెట్టుకుంది. అంతలో పేరు కనబడింది. బయటికి తీసేసింది.

"గిన్నె శానా బాగుండాది మాబీ. కానీ నాకెవురూ లేరని గిన్నె మీద కొట్టిచ్చుకొని ఇంటికి తీసకపోవాల్నా?"

ఆమె వెళ్లాక మాబీ నా మీద విరుచుకుపడింది. "ఉండేది ఒక్కతే గదక్కా! ఉన్న మాటే గదా కొట్టినా!"

ఉన్న మాటే. కానీ మా ఊళ్లో ఒంటరిగా బతకొచ్చు, ఆ మాట పైకి అనకూడదు. నాకు ఒళ్లు మండింది, ఊరి మీద కాదు, ఆ ఒంటరితనం నిజమైనందుకు.

కొన్నాళ్లు గోడవతల టకటక వినిపించలేదు. అంగడి ఖాళీ చేస్తుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఒకరోజు మళ్లీ మొదలైంది. వెళ్లి చూస్తే, పాతవన్నీ కరిగించి కాస్త పెద్దవి పోయించింది. అవే కొక్కేలు. పేరు మాత్రం ‘జంట ముద్దలు’.

ఈసారి అందరికంటే ముందు సంతోషమ్మే కొన్నది. "ఎవురన్నా చుట్టాలొస్తే పనికొస్తాది" అంది. తర్వాత వచ్చినవాళ్లూ అడక్కుండానే ఏదో ఒక చుట్టరికం చెప్పారు. మాబీ అందరికీ తల ఊపింది. అంగడి నిలబడింది.

మొన్న ఆమెతో టీ తాగుతూ అడిగాను. "మాబీ, పాతది ఒకటన్నా నీకోసరం ఉంచుకున్నావా?"

"ల్యాదక్కా. నేనూ జంటదాంట్లోనే కెలుకుతాండా."

"మరి రెండో ముద్ద?"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆయన ముద్ద మూతేసి పెడతా. పొద్దున మజ్జిగలో పిసుక్కొని నేనే తాగుతాండా."