అత్తయ్య నేర్చుకున్న పనులు

చనిపోయిన రోజు పొద్దున మా అత్తయ్య చక్కెర డబ్బా చోటు మార్చింది. స్టవ్వు పక్కన ఉండాల్సిన దాన్ని పై అరలోకి ఎక్కించి, దాని చోట ఉప్పు డబ్బా పెట్టింది. తర్వాత ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిణ్ణి చూస్తూ ఉండిపోయింది. నేను టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాక అప్పుడు ఇటు తిరిగింది.

"చెయ్యి లేచింది గానీ బుర్ర ఇంకా లేవలేదమ్మాయ్," అంది.

ఆ మధ్యాహ్నం అదే కుర్చీలో కునుకు తీస్తూ వెళ్ళిపోయింది. గుండె ఆగిందన్నారు.

కోడలిగా వచ్చిన కొత్తలో ఆ డబ్బాల సంగతి నాకు అర్థం కాలేదు. నన్ను ఏడిపించడానికే అనుకున్నాను. అత్త తిట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో తోటికోడలు లేదు గనక ఆ నవ్వేదో మా ఆయనే నవ్వేవాడు. ఆయన చిన్నప్పటి నుంచీ ఉప్పు టీలు తాగి పెరిగినవాడు. చేతికి బాగా అలవాటైన పనిలో బుర్ర సెలవు పెట్టేస్తుందని అత్తయ్య నమ్మకం. అందుకే వంటింట్లో ఏ డబ్బానీ ఒకచోట కుదురుగా కూర్చోనిచ్చేది కాదు.

ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా పనిచేసింది. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా బోర్డు నిండా రంధ్రాలు, ఒళ్ళో వైర్ల చిక్కు. ఏదైనా వార్డుకి లైను పోతే "లైను లేదండీ" అని పెట్టేసే రకం కాదు. ఆ వార్డు పక్కనున్న వంటశాలకి ఫోను కలిపి, గరిటె పట్టుకున్న మనిషిని బతిమాలి, నర్సుని పిలిపించేది. వంటశాల కూడా పలక్కపోతే చాకిరేవు గదికి కలిపేది. తిన్నగా వెళ్ళలేకపోతే చుట్టూ తిరిగి వెళ్ళాలి, వెళ్ళడం మాత్రం మానకూడదు అనేది.

తర్వాత ఆ బోర్డు పోయి మిషను వచ్చింది. తోటి ఆపరేటర్లు చాలామంది ఉద్యోగం మానుకున్నారు. అత్తయ్యని ఎక్స్‌రే ఫిల్ములు భద్రపరిచే గదికి వేశారు, కొన్నేళ్ళకి అక్కణ్ణుంచి దుప్పట్ల గదికి. బదిలీ అయినప్పుడల్లా కొన్నాళ్ళు ఇంటిల్లిపాదినీ సణిగి చంపేదట. ఆ తర్వాత కొత్త పని గురించి మొదలుపెట్టిందంటే, సణుగుడే నయం అనిపించేదని మా మామగారు అనేవారు. దుప్పట్ల గదిలో ఉండగా కుట్టు మిషను నేర్చుకుంది. ఇంట్లో గుండీ ఊడని చొక్కాకి కూడా గుండీ కుట్టేది.

రిటైరయ్యాక, ఇక విశ్రాంతి తీసుకుంటుందని అందరం అనుకుంటుండగా, రెండు బస్టాపుల అవతలున్న ఆడవాళ్ళ పార్లరుకి వెళ్ళి, జుట్టు కత్తిరించడం నేర్పమని అడిగింది. ఆ పార్లరు నడిపే అమ్మాయికి ఈవిడ మనవరాలి వయసు. ముందు నేల ఊడవమంది. ఊడ్చింది. తువ్వాళ్ళు మడతపెట్టమంది. పెట్టింది. చివరికి కత్తెర చేతికిచ్చాక, నేర్చుకోవడానికి కావలసిన తలలు మా ఇంట్లో దొరికాయి. ఆ నెల మా ఆయన ఆఫీసుకి టోపీ పెట్టుకుని వెళ్ళాడు. ఎండాకాలమూ కాదు, చలికాలమూ కాదు. అడిగినవాళ్ళకి ఏం చెప్పాడో నేనడగలేదు.

కానీ పని పట్టుబడింది. కొన్నాళ్ళకి మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి జుట్టు కత్తిరించి రావడం మొదలుపెట్టింది. గుడ్డసంచీలో దుప్పటి, దువ్వెన, కత్తెర, చిన్న అద్దం. అద్దం ఎందుకంటే, కత్తిరించాక చూసుకుని వాళ్ళు నవ్వేది చూడాలి గనక. వారానికి మూడు నాలుగు ఇళ్ళు, ఒక్కతే బస్సులో. ఆవిడ మొహం అంత తేటగా ఉండటం ఉద్యోగం రోజుల్లో కూడా చూడలేదని మా ఆయనే అనేవాడు.

డెబ్బై దాటాక మాటలు జారడం మొదలైంది. దువ్వెన అనే మాట దొరికేది కాదు. "పళ్ళుంటాయి గానీ కరవదు, అదివ్వు," అనేది. మేం నవ్వేవాళ్ళం. పొడుపుకథేదో వేస్తోందనుకున్నాం. ఒకరోజు నా పేరూ దొరకలేదు. ఒక్క క్షణం నన్నే చూస్తూ ఉండి, "నా కొడుకుని భరిస్తున్న మహాతల్లీ, ఇటు రా," అంది. ఆ రోజు ఎవరం నవ్వలేదు. ఆ వారమే దిగాల్సిన స్టాపు దాటిపోయి, చీకటి పడుతుండగా ఇంటికి చేరింది. మర్నాడే మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు గారు స్కానింగు ఫోటోలు వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత పేరు సరిచూసింది. ఇంకోసారి సరిచూసింది. అప్పటికి అత్తయ్య అక్కడి నర్సు జడ చూసి, చివర్లు చిట్లాయి, రెండంగుళాలు తీసేస్తే ఒత్తుగా కనిపిస్తుందని సలహా ఇస్తోంది.

మెదడు బాగా కుంచించుకుపోయిందనీ, ఇంతగా కుంచించుకుపోయినవాళ్ళు మామూలుగా ఒంటరిగా స్నానం కూడా చేయలేరనీ డాక్టరు గారు మాతో చెప్పింది. మరి ఈవిడ ఎలా తిరుగుతోందని మా ఆయన అడిగాడు. జీవితమంతా కొత్త పనులు నేర్చుకుంటూ, పదిమందితో మసలుతూ వచ్చిన వాళ్ళలో మెదడుకి కొంత నిల్వ చేరుతుందని, ఒక దారి మూసుకుపోతే అది ఇంకో దారిలో పని జరుపుకుంటుందని అంది. అది మందు కాదు, హామీ అంతకంటే కాదు. జబ్బు లోపల దాని పని అది చేస్తూనే ఉంటుంది, ఆ నిల్వ తరిగిన రోజున దిగజారడం తొందరగా ఉండొచ్చు అని కూడా దాచకుండా చెప్పింది. రక్తపోటుకి మాత్రలు రాసింది. వినికిడి తగ్గిందని చెవి మిషను పెట్టుకోమంది.

"బతుకంతా చెవులకి ఏదో ఒకటి తగిలించుకునే ఉన్నాన్లెండి," అంది అత్తయ్య.

మా ఆయనకి వీటిలో ఒక్కటే వినిపించింది, కుంచించుకుపోయిందని. ఇక కత్తెర ముట్టుకోవద్దన్నాడు, బస్సు ఎక్కొద్దన్నాడు, ఇంట్లో మనిషిని పెడతానన్నాడు. భయపడ్డ కొడుకు మాట్లాడే మాటలే అవి. ఆదివారం పొద్దున అత్తయ్య, జుట్టు పెరిగింది కూర్చోమని ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. మెడ చుట్టూ దుప్పటి కట్టి, కత్తెర తీసుకెళ్ళి చెవి దగ్గర ఆపింది.

"ఇప్పుడు చెప్పరా నాన్నా. మానెయ్యనా?"

కత్తెర చెవి దగ్గరుంటే ఎవరైనా మర్యాదగానే మాట్లాడతారు. మా ఆయన కదలకుండా, అద్దంలో కూడా చూడకుండా, "నువ్వు తప్పిపోతే నేనేం చేయనమ్మా," అన్నాడు.

అత్తయ్య కత్తెర దించింది. "తప్పిపోతే వెతుకుదువు గానీ, ఇంట్లో కూర్చోబెడితే ఎక్కడని వెతుకుతావు?" అంది.

తర్వాత జుట్టు కత్తిరించింది. ఆ కత్తిరింపులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. సాయంత్రం మా ఆయన డాక్టరుకి ఫోను చేశాడు. జాగ్రత్త వేరు, కూర్చోబెట్టడం వేరు అని ఆవిడ అన్నదట.

సంచీలో మా ఫోను నంబరున్న కార్డు పెట్టాం. మొదటి వారం మా ఆయన అదే బస్సులో వెనక సీట్లో దాక్కుని వెళ్ళాడు. రెండో రోజే అత్తయ్య కండక్టరుతో, "వెనక పేపరు తలకిందులుగా పట్టుకున్న ఆ పెద్దమనిషికి కూడా టికెట్టివ్వు బాబూ, మా అబ్బాయే," అందట. బస్సంతా నవ్విందని ఇంటికొచ్చి ఆయనే చెప్పాడు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. మాటలు ఇంకా జారాయి. ఆవిడ వాటి చుట్టూ తిరిగి వచ్చేది. నా పేరు దొరకని రోజుల్లో నాకు రకరకాల బిరుదులు దొరికేవి. డాక్టరు చెప్పిన ఆ దిగజారే రోజు ముందుందన్న భయంతోనే ప్రతి పొద్దూ నిద్ర లేచాను. అది రాకముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, ఆ పాత బోర్డుకీ, ఎక్స్‌రే గదికీ, దుప్పట్ల గదికీ, నేల ఊడ్పించిన ఆ పార్లరు అమ్మాయికీ మనసులో దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను. మా పిల్లలకి నాయనమ్మ కథలన్నీ వాళ్ళ నాయనమ్మ నోటనే వినే అదృష్టం పట్టింది.

ఆవిడ పోయిన కొన్నాళ్ళకి పార్లరు అమ్మాయి అత్తయ్య గుడ్డసంచీ పట్టుకుని వచ్చింది. అక్కడే ఉండిపోయిందట. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ బయటికి తీశాం. దుప్పటి అంచున దారం వేలాడుతుంటే కత్తిరిద్దామని కత్తెర తీసుకున్నాను. దారం తెగలేదు. కత్తెర రెండు అంచుల మధ్య మడతపడి జారిపోయింది. పదును పోయిందేమో, సాన పట్టించాలి అన్నాను.

"పదును బాగానే ఉందక్కా. అది ఎడంచేతి కత్తెర, కుడిచేత్తో పట్టుకుంటే తెగదు," అంది ఆ అమ్మాయి. నేను అర్థం కానట్టు చూశాను. "పెద్దమ్మ మీకు చెప్పలేదా? కత్తెర పట్టేసరికి కుడిచేతి వేళ్ళు మాట వినడం మానేశాయి. మా దగ్గరున్న బొమ్మ తల మీద సవరం పెట్టుకుని, కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుంది. పోయినేడాదంతా ఎడంచేత్తోనే కత్తిరించింది. మీ జుట్టు కూడా."