మామ విప్పి చూసిన రీలు

మాది హిందూపురం. నేను పదో తరగతి ప్యాసయినప్పుడు నాయన ఒక పాత బాక్సు కెమెరా తెచ్చిచ్చాడు. మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న పెద్దాయన కొత్తది కొనుక్కొని దాన్ని వదిలించుకోవాలని చూస్తుంటే, అది నాయన కంట్లో పడింది. వాచీ అడిగిన పిల్లకు ఇదేంటని అమ్మ సణిగింది గానీ, ఆ వారంలోనే నేను వాచీ సంగతి మరిచిపోయాను.

మొదటి రీలు మొత్తం అవ్వ మీదే ఖర్చు పెట్టాను. పన్నెండు ఫోటోలు. అవ్వ వాటిని ఒక్కొక్కటే కంటికి దగ్గరగా పెట్టుకొని చూసి, "కాళ్లు బాగా పడినాయి. కడియాలు గూడా తెలుస్తాండాయి. తల యాడ పెట్టినావు?" అని అడిగింది. నిజమే, ఎనిమిదింట్లో అవ్వకు తల లేదు. కెమెరాను పొట్టకు ఆనించి, వంగి పైనుంచి చూసే రకం అది. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనపడతాయి. మనిషిని మధ్యకు తెచ్చుకునేలోపల నా చెయ్యి కదిలిపోయేది. తలలు పడటానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత నన్ను ఎవరూ ఆపలేకపోయారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను కూడా తీశాను. వాళ్లలో ఒకాయన చెప్పినట్టు కదలకుండా నిలబడ్డాడు. ఆయన్నే చేసుకున్నాను.

అట్లా డెబ్భైల చివర్లో ధర్మవరం చేరాను. అత్తవారిది పట్టుచీరలు నేసే ఇల్లు. రెండు మగ్గాలు. ఒకదాని మీద మామ, ఇంకోదాని మీద మా ఆయన. అత్తా ఆడబిడ్డా పట్టుదారం చుట్టి ఇచ్చేవాళ్లు. నా పెట్టెలో చీరల కింద నుంచి కెమెరా బయటికి వచ్చినప్పుడు అత్త రెండడుగులు వెనక్కి వేసి, "ఇది పేలదు గదా?" అనింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూత ఎట్లా తెరుచుకుంటుందో కనుక్కొని, గూట్లో పెట్టాడు.

రెండో ఏడు ఆడబిడ్డకు గుడిబండలో సంబంధం కుదిరింది. పెళ్లి నెలలోపలే. అప్పుడు నాకు తట్టింది, ఆ ఇంట్లో నలుగురూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటి కూడా లేదని. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మగ్గం గుంటలోనే ఉండేవాళ్లు. మా ఇంట్లో అమావాస్య నాడు మాత్రం మగ్గం మీద కూర్చోరు. ఆ అమావాస్యకు అందరం పెనుకొండ పోదామన్నాను. కోట ఉంది, రాతి గోడలున్నాయి, వెలుతురు బాగుంటుంది.

చిత్రాన్నం, బజ్జీలు కట్టుకొని పొద్దున రైలుకు పోయాము. ఆ రోజు వాళ్లను నేను పెట్టిన హింస ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "అత్తా, గడ్డం పైకి. మామా, చేతులు వెనక్కి పెట్టుకోవద్దు. నవ్వండి. అంత వద్దు." ఎండ కళ్లలో పడుతున్నా రెప్ప వెయ్యనివ్వలేదు. ఒక్కో ఫోటో అయ్యాక మామ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగేవాడు.

"నేను లోపలికి పోయినానా మ్మా?"

"పోయినారు మామా."

"మీ అత్త?"

"ఆయమ్మ గూడా."

"సరే" అని మళ్లీ పోయి వరసలో నిలబడేవాడు.

పన్నెండూ అయిపోయాయి. రీలు చివరిదాకా చుట్టేసి, ఇంటికొచ్చాక కెమెరా గూట్లో పెట్టాను. మరుసటి రోజు రీలు బయటికి తీసి, పట్టు తేవడానికి హిందూపురం పోతున్న మా ఆయన చేతికిచ్చి, మా వీధి స్టూడియోలో కడిగించమన్నాను.

సాయంత్రం ఆయన వట్టి చేతులతో వచ్చాడు. "అంతా నల్లగా పోయిందంట. ఒక్క బొమ్మా లేదు. రీలుకు వెలుతురు తగిలిందంట. సరిగ్గా చుట్టకపోయినా అట్లయితాదని చెప్పినాడు ఆ పెద్దాయన."

నేను గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. చుట్టింది నేనే. ఇంక ఎవరిని అనేది?

అత్తకు మాత్రం నెల రోజులకు సరిపడా మాటలు దొరికాయి. "పన్నెండు మార్లు నవ్వించింది గదమ్మా. నా దవడలు ఇంగా నొప్పి తగ్గలేదు" అని నీళ్ల కొళాయి దగ్గర అందరికీ చెప్పింది. మా ఆయన బయటికి పోయేటప్పుడల్లా గడ్డం పైకెత్తి, "ఇంత చాలునా?" అని అడిగేవాడు. ఆడబిడ్డ నా పక్కన కూర్చొని, "పోనీలే వదినా, పెళ్లిలో తీద్దువు" అనింది. ఆ ఓదార్పే ఎక్కువ గుచ్చుకుంది. పెళ్లిలో తీస్తే అది పెళ్లికూతురి ఫోటో అవుతుంది, మా ఇంటి పిల్లది కాదు.

మామ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాలుగో రోజు అత్త బయటికి పోయినప్పుడు మగ్గం ఆపి నన్ను పిలిచాడు.

"మ్మా, ఇట్లా రా. పెనుకొండ నుంచి వచ్చిన పొద్దు సాయంత్రం ఆ రీలు నేనే విప్పినా."

నాకు అర్థం కాలేదు.

"దినామూ మేము ఎంత నేసినామో విప్పి చూసుకుంటాము గదా. అట్లనే ఇది గూడా ఎంతవరకు వచ్చిందో చూద్దామని. కడదాకా విప్పినా. ఒక పక్క కాగితం, ఇంగో పక్క బూడిదరంగు. ఒక్క మనిషీ లేడు. అయ్యో, ఈ పిల్లకు తీసేది రాదే, చెప్తే బాధపడతాదేమో అని మల్లా యథాప్రకారం చుట్టి పెట్టేసినా."

అంటే నాలుగు రోజులుగా ఆయన నా మీద జాలిపడుతున్నాడని నేను అనుకున్నది నిజమే. కాకపోతే రీలు చూసినప్పటి నుంచే జాలి మొదలైంది. స్టూడియో మాట విన్నాక, చెడగొట్టింది తానేనని తెలిసి దానికి భయం తోడైంది. ఇంతకీ ఎంత బాగా చుట్టాడంటే, నలభై ఏళ్లు పట్టుదారం పట్టిన చేతులు కదా, మరుసటి రోజు రీలు తీసిన నాకే అనుమానం రాలేదు.

కోపం రావాల్సిందే. రాలేదు. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మీ అత్తకు చెప్పొద్దు" అన్నాడు. చెప్పనన్నాను.

మరుసటి రోజు అన్నం తింటూ ఆయనే ప్రకటించాడు. "బేస్తవారం పెనుకొండకు పోతాండాము."

"అమావాస్య కాదే" అనింది అత్త.

"కాకపోతే యేమి?"

బేస్తవారం పొద్దున రెండు మగ్గాలూ ఆగిపోయాయి. మేము ఇంకా తలలు దువ్వుకుంటుండగానే పక్కింటాయన పరుగున వచ్చాడు. "ఏమప్పా, సద్దే లేదు. ఎవరికన్నా బాగలేదా?" వెనకాలే ఇంకో ఇద్దరు. ఫోటోలకు పోతున్నామని మామ చెప్తే నమ్మలేదు. ఒకామె లోపలికి వచ్చి మంచం మీద ఎవరన్నా పడుకున్నారేమో చూసిపోయింది.

పెనుకొండలో మళ్లీ అదే గోడ, అదే వరస. ఈసారి నేను ఎవరి గడ్డమూ ఎత్తలేదు. నోరు మూసుకొని తీస్తున్నాను. పన్నెండో ఫోటోకు వచ్చేసరికి, కోట చూడటానికి వచ్చిన ఎవరో కుటుంబం ఆగి మమ్మల్ని చూస్తోంది. అత్త వాళ్లతో గట్టిగా అనింది. "ఇది రెండోసారి వచ్చేది. పోయినసారి మా కోడలు అంతా చెడగొట్టింది. ఈసారన్నా వస్తాదో రాదో!"

నేను తల వంచుకొని కెమెరాలోకి చూస్తున్నాను. అందులో మామ కదలడం కనపడింది.

"ఆయమ్మ తప్పేమీ లేదు" అన్నాడు, కొండకంతా వినపడేట్టు. "నేనే విప్పినా. విప్పి చూసినా."

అత్త నోరు తెరుచుకొని ఆయన వైపు తిరిగింది. మా ఆయన తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆడబిడ్డ నవ్వుతూ వంగిపోయి అత్త భుజం పట్టుకుంది. మామ ఒక్కడే నిటారుగా, చెప్పేసిన మనిషిలాగా నిలబడ్డాడు. నేను నొక్కేశాను.

తిరుగు రైల్లో అత్త కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. సగం దారి అయ్యాక ఆయన్ని అడిగింది. "విప్పితే విప్పినావు. నేనేమన్నా కనపడినానా?"

"నువ్వు కనపడింటే మూసేవాణ్నా?" అన్నాడు మామ.

అత్త మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకుంది.

హిందూపురానికి రీలు నేనే తీసుకుపోయాను. పన్నెండూ వచ్చాయి. పదకొండింట్లో నలుగురూ రేషన్ షాపు ముందు నిలబడ్డట్టున్నారు. పన్నెండోదాన్ని అత్త వెంటనే లాక్కుంది. "నోరు అంత తెరుచుకొని ఉండా, ఇది ఎవరికీ చూపించొద్దు" అని పెట్టెలో వేసి తాళం వేసింది.

పెళ్లయి గుడిబండకు పోయే రోజు, ఆడబిడ్డ ఆ ఫోటోనే కావాలని పట్టుబట్టింది. మిగతావి ఎన్ని చూపించినా వద్దంది. అత్త కాసేపు బెట్టు చేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేను ఫోటోను ఆడబిడ్డ రవికల మధ్యన, మూల మడత పడకుండా పెట్టి పెట్టె మూశాను.